ఎడమ వల్లి, కుడి వల్లి

పోయిన వారం మనం లోగనాయకిని అరియాంకుప్పం బస్టాపులో వదిలిపెట్టి వచ్చాం. ఆదివారం పొద్దున పది గంటలు. చేతిలో పసుప్పచ్చ గుడ్డసంచీ, మొహంలో ఎవరి మీదో ఆవిడకే తెలియని కోపం. ఒక పక్క అన్న వీరరాఘవన్, ఇంకో పక్క అన్న కూతురు కవిప్రియ. ముగ్గురూ ముదలియార్‌పేట పోయే బస్సు కోసం ఎదురుచూస్తున్నారు.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. లోగనాయకికి అరవై రెండేళ్ళు. చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ అన్న ఇంట్లోనే ఉంటుంది. నలభై ఏళ్ళ కిందట ‘సముద్రవల్లి’ అని ఒక తమిళ బొమ్మల పుస్తకం నెలనెలా బస్టాండుల్లో వేడివేడిగా అమ్ముడుపోయేది. తెరచాప ఓడ ఒకటి, దానికి ఒక ఆడ కెప్టెను, ఆమె చేతిలో చావుదెబ్బలు తినడానికి సముద్రం నిండా దొంగలు. గీసినవాళ్ళ పేరు పుస్తకంలో ఎక్కడా ఉండేది కాదు. కనిపించే పేరల్లా ప్రెస్సు యజమాని దురైసామిది. గీసింది మాత్రం మన లోగనాయకి. అప్పట్లో ఆమె ఊళ్ళో ఒక ఎంబ్రాయిడరీ కేంద్రంలో కుట్టుపని చేసేది. బయటిపని ఒప్పుకున్నట్టు తెలిస్తే మర్నాటి నుంచి రావద్దంటారు. అందుకని, నా పేరు వెయ్యొద్దు సార్ అని దురైసామిని బతిమాలుకున్నది కూడా ఆమే. తర్వాత పుస్తకం ఆగిపోయింది, దురైసామి కాలం చేశాడు, కేంద్రం మూతబడింది. పేరు మాత్రం దాచిన చోటే ఉండిపోయింది.

ఆ పుస్తకానికి వీరాభిమానుల్లో కవిప్రియ ఒకతి. అత్త పెట్టిన కాఫీ తాగుతూ, అత్త పక్కనే కూర్చుని, “ఎవరో మహానుభావుడు గీసినాడత్తా” అని వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. అత్త ‘ఊఁ’ కొట్టి ఊరుకునేది. రెండు వారాల కిందట ట్రంకుపెట్టె అడుగున ఒక పాత కాగితం దొరికేదాకా కవిప్రియకు ఆ మహానుభావుడు తనకు రోజూ దోసె పోస్తున్నాడని తెలియదు.

ఇప్పుడు చిక్కేమిటంటే, సినిమాగా చూడాలని ఉన్న బొమ్మల పుస్తకం ఏదని అభిమానులంతా కలిసి ఓట్లు వేసుకుంటే సముద్రవల్లి అన్నిటికన్నా పైన నిలిచింది. చెన్నై నుంచి ఒక డైరెక్టరు ముందుకొచ్చాడు. ఆ సంగతి ప్రకటించడానికి ముదలియార్‌పేటలో కల్యాణమండపం తీసుకున్నారు. అక్కడ దురైసామి కొడుకు సుధాకరన్‌కు, సృష్టికర్త వారసుడిగా, శాలువా కప్పబోతున్నారు.

“చూసేసి వచ్చేస్తాను, అంతే” అంది లోగనాయకి బస్సెక్కాక. “ఆడ నువ్వు నోరు తెరిచినావంటే ఆ నిమిషమే ఇంటికి బస్సెక్కేస్తా.”

“నేనేమీ మాట్లాడనత్తా.”

“సత్తియం?”

“సత్తియం.”

లోగనాయకి సంచీలోకి తొంగిచూసింది. “ఈ కాగితం దీంట్లోకి ఎట్ల వచ్చింది?”

“ట్రంకుపెట్టెలో ముప్పై ఏళ్ళు ఉండాది పావం. కొంచెం గాలి తగలనీ అని పెట్టినాను.”

వీరరాఘవన్ కిటికీలోంచి బయటికి చూస్తూ మీసాల్లో నవ్వుకున్నాడు. ఒకప్పుడు ఆ బొమ్మలన్నిటినీ సైకిలు మీద ప్రెస్సుకు మోసింది ఆయనే. చెల్లెలి గుట్టు ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకుని, ఇవాళ అది బయటపడితే బాగుండునని ఆ మనిషి ఎంత కోరుకుంటున్నాడో పైకి చెప్పడు.

మండపం గుమ్మంలోనే లోగనాయకికి మొదటి దెబ్బ తగిలింది. ఒక నడివయసు మనిషి, కళ్ళద్దాలు, బట్టతల, టీషర్టు మీద వల్లి బొమ్మ, రెండు రంగుల రిబ్బన్ల పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చాడు. (లోగనాయకివాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగు. హాల్లో మాటలన్నీ మాత్రం తమిళంలోనే నడిచాయి. మన వీలు కోసం తెలుగులో చెప్పుకుంటున్నాం, అంతే.)

“ఎడమా, కుడా అమ్మా?” అన్నాడు.

“ఏమిటి?”

“ఎడమ వల్లి వాళ్ళకు నీలం రిబ్బను, ఆ పక్క కుర్చీలు. కుడి వల్లి వాళ్ళకు ఎరుపు, ఈ పక్క. నేను కుడి. పేరు వేల్మురుగన్.”

“కూర్చోవడానికి కుర్చీ ఉంటే చాలు తంబీ” అంది లోగనాయకి.

విషయమేమిటంటే, వల్లి బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంటుంది. కొన్ని పేజీల్లో ఎడమ బుగ్గ మీద, కొన్ని పేజీల్లో కుడి బుగ్గ మీద. ఇలా ఎందుకుందని అభిమానులు ముప్పై ఏళ్ళు బుర్రలు బద్దలు కొట్టుకుని చివరికి ఒకటి తేల్చారు. వల్లి ఒకతి కాదు, కవలలు! ఎడమ వల్లి శాంతం, కుడి వల్లి వీరం. ఒకరి పేరు మీద ఇద్దరూ ఓడ నడుపుతున్నారు. దీని మీద వేల్మురుగన్ అయితే నూట నలభై పేజీల వ్యాసం రాసి సొంతంగా అచ్చు వేయించి, పెళ్ళిళ్ళకు కూడా అదే బహుమతిగా ఇస్తున్నాడు.

స్టేజీ మీద గోడంత ఫ్లెక్సీ. ఎదురెదురుగా ఇద్దరు వల్లులు, మధ్యలో ఓడ. పైన సినిమా పేరు: ‘ఇద్దరు వల్లులు’. కింద చిన్న అక్షరాల్లో, ‘సృష్టి: కీర్తిశేషులు దురైసామి’. లోగనాయకి ఫ్లెక్సీలోని మొహాలను చూసింది. తన చేతి గీతలే, ఎవరో కంప్యూటర్లో నున్నగా చేశారు. కింది అక్షరాలు కూడా చదివింది. కొంగుతో మొహం తుడుచుకుంది. వద్దన్నది తానే కదా, ఇప్పుడు ఏడ్చి లాభమేమిటి అని తనను తానే కసురుకుంది.

డైరెక్టరు తమిళ్‌సెల్వన్ మైకు తీసుకున్నాడు. నలభై ఐదేళ్ళుంటాయి, గడ్డం నెరిసింది. బడి ఎగ్గొట్టి బస్టాండులో కూర్చుని చదివిన మొదటి పుస్తకం ఇదేనన్నాడు. తల్లి చేతిలో దెబ్బలు తిన్నా పుస్తకం వదల్లేదన్నాడు. రెండేళ్ళుగా దీనికి స్క్రిప్టు రాస్తున్నానని, కవలల రహస్యమే సినిమాకు ప్రాణమని చెప్పేసరికి హాలు ఈలలతో మోగిపోయింది. మూడొందల మంది, అందులో సగం మందికి తలలు నెరిశాయి, ఒక్కొక్కరూ పదేళ్ళ పిల్లల్లా అరుస్తున్నారు. ఆ అరుపులు వింటుంటే లోగనాయకికి కోపం పోయి ఒంట్లో ఏదో తెలియని ఉత్సాహం పుట్టింది. వీళ్ళంతా నా పిల్ల కోసం వచ్చినవాళ్ళే కదా అనిపించింది.

తర్వాత సుధాకరన్‌కు శాలువా కప్పారు. యాభై దాటిన మనిషి, మాట మెత్తన. “మా నాన్న పగలంతా ప్రెస్సు చూసుకునేవారు. బొమ్మలు ఎప్పుడు వేసేవారో మాకే తెలిసేది కాదు. అడిగితే, అదంతా నా చేతిపనేరా అనేవారు” అన్నాడు.

వీరరాఘవన్ కుర్చీలో కదిలాడు. కవిప్రియ పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుంది. ఒట్టు పెట్టిన పిల్ల, పాపం.

అప్పుడు వేల్మురుగన్ లేచాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో పందొమ్మిదో సంచిక. “ఒక సందేహం సార్. ముప్పై ఏళ్ళ సందేహం. పదకొండో పేజీ. పై గడిలో ఎడమ వల్లి తాడు పట్టుకుంటుంది. కింది గడికి వచ్చేసరికి తాడు మీద ఉన్నది కుడి వల్లి. తాడు ఒకటే, మధ్యలో దిగింది లేదు, ఎక్కింది లేదు. ఇద్దరూ ఎప్పుడు మారారు?”

 సుధాకరన్ శాలువా సర్దుకుని, చిరునవ్వు నవ్వి, “అక్కడే ఉంది నాన్న గొప్పతనం. మన కళ్ళెదుటే, మనకు తెలియకుండా మార్చేశారు” అన్నాడు. చప్పట్లు మోగాయి.

చప్పట్లు సద్దుమణిగే వేళకు, ఏడో వరసలో లోగనాయకి ఫక్కుమంది.

ఆపుకుందామనుకుంది, ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఆ పదకొండో పేజీ గీసిన రోజు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. బయట వాన, వాకిట్లో అన్న సైకిలు బెల్లు మోగిస్తూ “అయిందా, అయిందా” అని ప్రాణం తోడేస్తున్నాడు, ఇంకో బొమ్మ మిగిలే ఉంది. ఆ తొందరలో చేసిన ఘనకార్యానికి ఇన్నేళ్ళ తర్వాత చప్పట్లు కొడుతున్నారు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. హాలంతా తిరిగి చూసింది.

“ఎందుకమ్మా నవ్వుతున్నారు?” అన్నాడు వేల్మురుగన్. పాపం, మొహం చిన్నబోయింది.

ఎవరో మైకు ఆమె చేతిలో పెట్టారు. కవిప్రియ పెట్టలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి.

“నిన్ను చూసి కాదు తంబీ” అంది లోగనాయకి. మైకులో తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “వల్లి ఎక్కడా మారలేదు. కవలలూ లేరు, ఏమీ లేరు. ఉన్నది ఒకటే పిల్ల. కాగితం తిరగబడింది.”

ఎడమ పక్కవాళ్ళూ కుడి పక్కవాళ్ళూ ఆ రోజు మొదటిసారి ఒక్కటయ్యారు. అందరూ కలిసి ఆమె మీద విరుచుకుపడ్డారు. “కూర్చోమనండి!” “ఎవరావిడ?” “టిఫిను కోసం వచ్చినట్టుంది!”

సుధాకరన్ చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టాడు. “మీరెవరమ్మా?” అన్నాడు మర్యాదగానే.

ఎవరూ కాను బాబూ అని కూర్చోవచ్చు. సాయంత్రానికి ఇంటికి పోయి మిగిలిన చీరలకు ఫాల్స్ కుట్టుకోవచ్చు. లోగనాయకి ఇంకోసారి ఫ్లెక్సీ వైపు చూసింది. సినిమా వస్తుంది, ఆ అక్షరాలే తెర మీద పడతాయి, ఆ తర్వాత ఇక ఎవరు చెప్పినా ఎవరూ వినరు. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ కాదు. ముందు కుర్చీ వీపు పట్టుకుంది.

“నా పేరు లోగనాయకి. మాది అరియాంకుప్పం. సముద్రవల్లిని గీసింది నేను.”

హాల్లో నవ్వులు లేచాయి. వెనక నుంచి ఎవడో “మా అవ్వ కూడా రెండు సంచికలు గీసింది!” అని అరిచాడు. వీరరాఘవన్ లేచి నిలబడి, ఆ అరిచిన దిక్కుకు తిరిగి, కన్నార్పకుండా చూశాడు. డెబ్భై ఏళ్ళ మనిషి చూపు. అరిచినవాడు కిందికి చూశాడు.

“పైకి రండమ్మా” అన్నాడు డైరెక్టరు.

లోగనాయకి సంచీ పట్టుకుని మెట్లెక్కింది. సంచీలోంచి న్యూస్‌పేపరు చుట్ట తీసి, దాంట్లోంచి ఒక పల్చని కాగితం విప్పింది. పసుపు తిరిగిపోయింది. దాని మీది గీత చెరిగిపోయింది, రంగు వెలిసిపోయింది. దగ్గరికొస్తే కిరసనాయిలు వాసన.

“ఖాళీ కాగితం కదమ్మా” అన్నాడు సుధాకరన్.

“ఆ లైటు కొంచెం ఇటు తిప్పమను.”

లైటువాడు తిప్పాడు. లోగనాయకి కాగితాన్ని రెండు చేతులతో లైటుకు అడ్డంగా ఎత్తి పట్టుకుంది. వీడియోవాడు తెలివైనవాడు, కెమెరాను దగ్గరికి లాగాడు. స్టేజీ పక్కనున్న పెద్ద తెర మీద, వందల వెలుగు చుక్కలతో, సముద్రవల్లి మొహం వెలిగింది. తలకు చుట్టిన గుడ్డ, చెవి రింగు, పొగరుబోతు ముక్కు. ఎడమ బుగ్గ మీద ఒక్క పెద్ద చుక్క.



“ఎంబ్రాయిడరీలో బొమ్మను గుడ్డ మీదికి ఇట్లా దించుతాం” అంది లోగనాయకి. ఆ మాటలు చెబుతుంటే బెరుకు దానంతటదే పోయింది, ఇది ఆమెకు తెలిసిన పని. “పల్చని కాగితం మీద పెన్సిలుతో బొమ్మ గీసి, గీత వెంబడి సూదితో పొడుస్తాం. గుడ్డ మీద పరిచి, కిరసనాయిలులో నీలం పొడి కలిపి పైన తుడిస్తే చిల్లుల్లోంచి బొమ్మ కిందికి దిగుతుంది. ఒక్క కాగితంతో వంద చీరలు కుట్టొచ్చు. నాకు బొమ్మలు గీయడం ఎవరూ నేర్పలేదు. ప్రతి నెలా వల్లి మొహం ఒకేలా రావాలంటే నాకు తెలిసిన దారి ఇదొక్కటే. పైటకొంగు మీద రెండు నెమళ్ళు ఎదురెదురుగా రావాలనుకోండి, రెండు కాగితాలు చెయ్యం. ఒకదాన్నే తిరగేస్తాం. వల్లి ఇటు చూడాలంటే ఇట్లా పెట్టేదాన్ని. అటు చూడాలంటే…”

కాగితం తిప్పింది. తెర మీద పుట్టుమచ్చ ఎడమ బుగ్గ నుంచి కుడి బుగ్గకు దూకింది.

“నెమలికి పుట్టుమచ్చ ఉండదు కదా! నాకు తోచలేదు.”

ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఎడమ నుంచి ఒకరు, కుడి నుంచి ఇద్దరు, ఆ తర్వాత హాలు మొత్తం. వేల్మురుగన్ ఒక్కడే నవ్వకుండా స్టేజీ మీదికి పరుగెత్తుకొచ్చాడు. ఎవరినీ తాకనివ్వని పందొమ్మిదో సంచికను కవరులోంచి తీసి, పదకొండో పేజీని జాగ్రత్తగా కాగితం కింద పెట్టాడు. పై గడి మొహం చుక్కల కింద అతికినట్టు సరిపోయింది. కాగితం తిరగేశాడు. కింది గడి మొహం కూడా సరిపోయింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “నూట నలభై పేజీలమ్మా” అన్నాడు నీరసంగా.

సుధాకరన్ మాత్రం ఊరుకోలేదు. ఊరుకుంటాడని అనుకోకూడదు కూడా, పోతున్నది కన్నతండ్రి పేరు. “సరిపోతుంది సార్, ఎందుకు సరిపోదు? అచ్చయిన పుస్తకం మీద కాగితం పెట్టి ఎవరైనా సూదితో పొడుచుకోవచ్చు. నిన్న సాయంత్రం కూడా చెయ్యొచ్చు. మా నాన్న లేరు, జవాబు చెప్పలేరు. అందుకే కదా ఇవాళ వచ్చారు?”

మాట సూటిగా తగిలింది. హాలు మళ్ళీ గుసగుసలాడింది. డైరెక్టరు గడ్డం నిమురుకున్నాడు.  నిజం చేతిలో ఉండి కూడా ఇలా ఓడిపోతామా అనుకుంది లోగనాయకి. కాగితాన్ని మడవబోయింది. మడవబోతుంటే, కిరసనాయిలు జిడ్డుకు అట్టకట్టి లోపలికి ముడుచుకుపోయిన ఒక మూల వేలికి తగిలింది.

అప్పుడు గుర్తొచ్చింది. వల్లికి వేషం మార్చనా అని అడుగుతూ ఒకసారి ఈ కాగితాన్నే ప్రెస్సుకు పంపింది. దురైసామి దాన్ని తిప్పి పంపుతూ మూలన ఎర్ర పెన్సిలుతో ఏదో రాశాడు. ఏం రాశాడో ఇన్నేళ్ళలో మర్చేపోయింది.

గోటితో ఆ మడతను మెల్లగా విప్పింది. చదవలేదు. తీసుకెళ్ళి సుధాకరన్ చేతిలో పెట్టింది.

“ఈ చేతిరాత నాకన్నా నీకే బాగా తెలుస్తుంది తంబీ. నువ్వే చదువు.”

సుధాకరన్ చూశాడు.  చినిగిపోతుందేమోనన్నట్టు కాగితాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. కావాలంటే అర్థం కావడం లేదని చెప్పొచ్చు, అంత మాసిపోయి ఉన్నాయి అక్షరాలు. కానీ ఆ మనిషి మైకు దగ్గరికి నడిచాడు.

“తంగచ్చి లోగనాయకికి” అని చదివాడు. తంగచ్చి అంటే చెల్లెలు. “కిరీటం వద్దు, తలగుడ్డే బాగుంది. పుట్టుమచ్చ ఒకే బుగ్గ మీద ఉండేట్టు చూడమ్మా. అటూ ఇటూ పోతోందని జనం ఉత్తరాలు రాసి నా ప్రాణం తీస్తున్నారు. దురైసామి.”

చదవడం అయ్యేసరికి అతను ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలియదు. రెండూ చేస్తున్నాడు. “అచ్చం ఇలాగే విసుక్కునేవారు” అన్నాడు. “ఇంట్లో కూడా ఇలాగే.” భుజం మీది శాలువా తీసి, మడిచి, రెండు చేతులతో లోగనాయకికి అందించాడు. వంగి కాళ్ళకు దండం పెట్టబోతే ఆమె భుజాలు పట్టుకుని లేపింది.

అప్పుడు లేచింది హాలు. ఈలలు, చప్పట్లు, బల్లలు చరచడాలు. నీలం రిబ్బన్లవాళ్ళు ఎర్ర రిబ్బన్లవాళ్ళను కావలించుకున్నారు. ఇన్నేళ్ళు కొట్టుకున్నది ఒక్క కాగితం కోసమా అని ఒకళ్ళ వీపు ఒకళ్ళు చరుచుకున్నారు. కవిప్రియ ఒట్టు తీరిపోయిందనుకుంది కాబోలు, కుర్చీ ఎక్కి నిలబడి “మా అత్త! మా అత్త!” అని గొంతు చించుకుని అరిచింది. వీరరాఘవన్ కండువాతో మొహం కప్పుకున్నాడు. లోగనాయకి శాలువా పట్టుకుని నిలబడి ఇదంతా చూసింది. ఒళ్ళు పులకరించింది. పేరు చెప్పుకుంటే ఇంత బాగుంటుందా అనుకుంది.

పాపం, తమిళ్‌సెల్వన్ ఒక్కడే ఫ్లెక్సీలోని ఇద్దరు వల్లులను చూస్తూ నిలబడ్డాడు. “రెండేళ్ళ స్క్రిప్టు అమ్మా” అన్నాడు మైకు పక్కకు పెట్టి.

“ఇద్దరినీ ఉంచుకో తంబీ” అంది లోగనాయకి. “ఒకదాన్ని నేను కన్నాను. రెండోదాన్ని వీళ్ళంతా కలిసి పెంచారు. ఇంత ప్రేమగా పెంచిన పిల్లను పొమ్మనడానికి నేనెవర్ని?”

డైరెక్టరు ఆ మాటను మైకులో మళ్ళీ చెప్పాడు. ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. వేల్మురుగన్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. తన నూట నలభై పేజీల వ్యాసం ఒకటి తెచ్చి, దాని మీద సంతకం పెట్టమని లోగనాయకి ముందు చాచాడు. ఆమె జీవితంలో మొదటిసారి ‘సముద్రవల్లి’ అన్న అచ్చు అక్షరాల కింద తన పేరు రాసింది. కొంచెం వంకరగా వచ్చింది.

తమిళ్‌సెల్వన్ జేబులోంచి మార్కరు పెన్ను తీసి, స్టూలు తెప్పించుకుని, ఎక్కాడు. ఫ్లెక్సీ కింద దురైసామి పేరు ముందున్న ‘సృష్టి’ని కొట్టేసి ‘ప్రచురణ’ అని రాశాడు. దాని పైన ఖాళీ చోట పెన్ను ఆనించి వెనక్కి తిరిగాడు. “కథ, బొమ్మలు: లోగనాయకి. ఇలాగే వెయ్యనామ్మా? సినిమాలో కూడా ఇదే పడుతుంది. కథ కూడా మీదే కదా?”

“నాదే” అంది లోగనాయకి. “అంతా నాదే.”

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో. మూడొందల మంది చప్పట్లు కొడుతుంటే నోటికి ఇంకో మాట రాలేదు. హాలు మళ్ళీ హోరెత్తింది. డైరెక్టరు ‘కథ’ అని రాసి, పక్కన రెండు చుక్కలు పెట్టాడు.

హోరు తగ్గాక, పక్క గుమ్మం దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది. గట్టిగా ఏమీ కాదు, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు. తమిళం కాదు, ఇంటి తెలుగు.

“ఏందే లోగా, కత కూడా నీదేనా?”

నేత చీర, చేతిలో బస్సు టిక్కెట్టు, బాగా వంగిపోయిన నడుము. మొదట గొంతే గుర్తొచ్చింది లోగనాయకికి, ఆ తర్వాత మనిషి. రుక్మణి. ఎంబ్రాయిడరీ కేంద్రంలో తొమ్మిదేళ్ళు ఒకే చట్రానికి ఆ వైపున కూర్చుని కుట్టిన రుక్మణి. పొద్దున సూదిలో దారం ఎక్కించినప్పటి నుంచి సాయంత్రం గంట కొట్టేదాకా నోరు మూతపడని మనిషి. ఓడ ఆమె చెప్పిందే. దొంగలు ఆమె చెప్పినవాళ్ళే. వల్లి అన్న పేరు కూడా ఆమె నోటి నుంచి వచ్చిందే. లోగనాయకి వింటూ కుట్టేది, ఇంటికి పోయి గీసేది. కేంద్రం మూతబడ్డాక రుక్మణి గోరిమేడు వైపు ఆయా పనికి పోయిందని విన్నది, అంతే. వెతకలేదు. ఇన్నేళ్ళు తన పేరు పోయిందని కుమిలింది గానీ, ఇంకొకరి పేరు కూడా దాంతోపాటే పోయిందని ఒక్కనాడూ తలుచుకోలేదు.

 రుక్మణి గొడవకు వచ్చినదానిలా లేదు. నిజంగానే అడుగుతున్నదానిలా, జవాబు కోసం చూస్తోంది.

హాల్లో ఎవరికీ ఆ మాట అర్థం కాలేదు. ఎవరో మరో ముసలమ్మ దీవిస్తోందనుకున్నారు, ఇద్దరు ముగ్గురు ఆవిడ కోసం కూడా చప్పట్లు కొట్టారు. అర్థమైనవాళ్ళు మొత్తం హాలుకు ఇద్దరే. వీరరాఘవన్ కండువా దించి చెల్లెలి వైపు చూశాడు. కవిప్రియ ఇంకా కుర్చీ మీదే నిలబడి ఉంది, కానీ ఎత్తిన చెయ్యి కిందికి దిగిపోయింది. అత్త మొహంలో ఏం చూసిందో, ఆ పిల్ల నవ్వు ఆరిపోయింది.

“ఏమంటున్నారమ్మా ఆవిడ?” అన్నాడు తమిళ్‌సెల్వన్, పెన్ను ఆ రెండు చుక్కల పక్కన ఆనించి పెట్టుకుని.

లోగనాయకి మైకు ఎత్తింది. మూడొందల మందీ నవ్వు మొహాలతో ఆమెనే చూస్తున్నారు. ఆమె ఏం చెబితే అదే నమ్ముతారు.